పూత మీద గుత్త: నాతవలస టోలు సొమ్ము ఎక్కడికి పోతోంది?

నాతవలస టోల్‌గేటు దాటగానే ఫోను ఒకసారి మోగుతుంది. ఫాస్టాగ్ ఖాతాలోంచి ఇంత పోయిందని, ఇంకా ఇంత మిగిలిందని మెసేజ్. పోయిన సొమ్ము ఎవరి చేతికి వెళ్లిందో మాత్రం అందులో ఉండదు. ఆమధ్య శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్తూ ఆ మెసేజ్ చూసుకుంటుంటే, కారు నడుపుతున్న కుర్రాడు అడిగాడు: "ఈ రోడ్డు కూడా అమ్మీసారట కదండీ, నిజమేనేటి?"

ఉత్తరాంధ్రలో "అమ్మీసారు" అన్న మాట ఊరికే పుట్టదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తం వదులుకోవాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఇక్కడ ఏ ప్రభుత్వ ఆస్తి పేరెత్తినా జనానికి ముందు ఆ భయమే కలుగుతోంది. అందుకే ఆ కుర్రాడికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం నాకు న్యాయం అనిపించలేదు. జరిగింది మన కళ్ల ముందున్న రోడ్డు మీదే. నర్సన్నపేట నుంచి శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం, ఆనందపురం మీదుగా, విశాఖ నగరాన్ని చుట్టి పెందుర్తి, సబ్బవరం వైపు నుంచి అనకాపల్లి చేరే సుమారు 150 కిలోమీటర్ల ఆరు వరసల దారి ఇది. మనం ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డు అనే 16వ నంబరు జాతీయ రహదారిలో ఒక ముక్క.

2025 మార్చిలో ఈ ముక్క మీద టోలు వసూలు చేసుకునే హక్కు నేషనల్ హైవేస్ ఇన్‌ఫ్రా ట్రస్ట్ అనే సంస్థకు వెళ్లింది. దాంతోపాటు మన రాష్ట్రంలోనే గుండుగొలను–కొవ్వూరు రోడ్డు, ఇంకా ఛత్తీస్‌గఢ్, గుజరాత్, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలోని కొన్ని రోడ్లు కూడా వెళ్లాయి. అన్నిటికీ కలిపి విలువ 18,380 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ విడతతో ఈ ట్రస్టు చేతిలో పన్నెండు రాష్ట్రాల్లో 26 రోడ్లు, 2,345 కిలోమీటర్లు చేరాయి. గడువు రోడ్డుని బట్టి 20 నుంచి 30 ఏళ్లు.

మరి ఇది అమ్మకమేనా? విజయనగరం చుట్టుపక్కల మామిడి తోటలున్నవాళ్లకి చెప్పడం తేలిక. చెట్టు పూత మీద ఉండగానే రైతు తోటని వ్యాపారికి గుత్తకిచ్చేస్తాడు. భూమి రైతుదే, చెట్టూ రైతుదే, పట్టాదారు పుస్తకంలో పేరు మారదు. ఆ ఏడు కాసిన సువర్ణరేఖలు మాత్రం వ్యాపారివి. గాలివానకి కాయ రాలినా, బజారులో ధర పెరిగినా ఆ లాభనష్టాలు అతనివే. రైతుకి ముందే రొక్కం అందుతుంది, కూతురి పెళ్లికో పాత అప్పుకో సర్దుకుంటాడు. రోడ్డు విషయంలో జరిగిందీ ఇదే. భూమి భారత ప్రభుత్వానిది. 1988 చట్టంతో ఏర్పడిన జాతీయ రహదారుల సంస్థ, అంటే ఎన్‌హెచ్ఏఐ, అలాగే ఉంది, దాన్ని ఎవరికీ అమ్మలేదు. రాబోయే కొన్నేళ్ల టోలు రాబడిని ముందే రొక్కం పుచ్చుకుని గుత్తకిచ్చారు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది వేలంపాట. కొన్ని రోడ్లను ఒక కట్టగా కట్టి, ఎవరెక్కువ పాడితే వాళ్లకి ఇచ్చేయడం. దేశంలో దీనికి తొలి పాట 2018లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రోడ్లు, దాదాపు 680 కిలోమీటర్లు, 30 ఏళ్లకి. ప్రభుత్వం వేసుకున్న అంచనా 6,258 కోట్లు. ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ 9,681 కోట్లకు పాడింది. అందులో ఆంధ్ర రోడ్లు ఈ 16వ నంబరు చెన్నై–కలకత్తా దారిలోనివే. అప్పటి ఉత్సాహం రెండో కట్టకి నిలవలేదు. అంచనా కన్నా తక్కువకే పాడడంతో ఆ పాటని రద్దు చేశారు. గుత్త వ్యాపారం తెలిసినవాళ్లకి ఇందులో వింత కనిపించదు. ఏ తోట పూత ఎలా ఉందో వచ్చినవాడు చూసుకునే పాడతాడు.

రెండోది ట్రస్టు పద్ధతి, మన రోడ్డుది ఇదే. ఇక్కడ గుత్తదారుని ఎన్‌హెచ్ఏఐ తానే పుట్టించింది. 2020లో ఒక ట్రస్టు పెట్టి, దాని యూనిట్లను 2021 నవంబరులో స్టాక్ ఎక్స్ఛేంజీలకెక్కించింది. మొదటి విడతలో ఐదు రోడ్లు, 390 కిలోమీటర్లు. వాటిలో కర్నూలు వెళ్లే కొత్తకోట బైపాసు రోడ్డు ఒకటి. యూనిట్లు కొన్నవాళ్లలో కెనడా జాతీయ పింఛను నిధి, ఆ దేశంలోనే ఒంటారియో రాష్ట్ర టీచర్ల పింఛను నిధి చెరో పాతిక శాతం తీసుకున్నాయి. మిగిలినది మన బ్యాంకులు, బీమా కంపెనీలు, మ్యూచువల్ ఫండ్లు, పింఛను నిధులు. ఎన్‌హెచ్ఏఐ కూడా కొంత వాటా అట్టేపెట్టుకుంది. చేతిలో మిగిలే నగదులో కనీసం 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకి పంచాలన్నది సెబీ నిబంధన. అంటే నాతవలసలో మన ఫాస్టాగ్ నుంచి పోయిన రూపాయిలో ఖర్చులు, వడ్డీలు పోగా మిగిలిన దాంట్లో కొన్ని పైసలు టొరంటోలో రిటైరైన ఒక టీచరమ్మ పింఛనులో కలుస్తాయి. దీన్ని తప్పని నేననడం లేదు. కానీ టోలు కట్టేవాడికి తెలియాలి కదా.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించలేదు. 2025 మార్చి విడతలో వచ్చిన 18,380 కోట్లలో పెట్టుబడిదారులు యూనిట్లు కొని ఇచ్చింది సుమారు 8,340 కోట్లు. తక్కిన 10,040 కోట్లు దేశంలోని రుణదాతల దగ్గర ట్రస్టు తెచ్చిన అప్పు. ఎన్‌హెచ్ఏఐ ఈ గుత్తలకి దిగిన కారణాల్లో ముఖ్యమైనది దాని సొంత అప్పు. 2022 నాటికి అది దాదాపు మూడున్నర లక్షల కోట్లకి చేరింది, ఆ తర్వాతే తగ్గడం మొదలైంది. ఆ అప్పులో కొంత ఇప్పుడు ట్రస్టు పద్దులో కూర్చుంది. తీర్చేది మాత్రం పాత మనిషే, టోలు కట్టేవాడు. పద్దు మారడం వల్ల మేలు లేదని కాదు. సంస్థకి ఊపిరి సలుపుతుంది, కొత్త రోడ్లకి అప్పు పుడుతుంది. అయితే "18,380 కోట్లు వచ్చాయి" అన్నప్పుడు అందులో సగానికి పైగా మన రుణదాతల సొమ్మేనని పక్కనే చెప్పి తీరాలి.

ఇక్కడొక చిన్న లెక్క చేసి చూడాలి, లేకపోతే గుత్త ధర గురించి ఏ వాదనా తెగదు. ఒక రోడ్డు ఏటా 100 రూపాయలు మిగులుస్తుందనుకుందాం. ఇరవై ఏళ్లకి 2,000. అలాగని ఎవరూ ఇవాళ 2,000 ఇవ్వరు, ఇరవయ్యో ఏట వచ్చే వందకి ఇవాళ అంత విలువ లేదు. ఏటా 7 శాతం వడ్డీ ఆశించేవాడు ఆ మొత్తానికి ఇవాళ సుమారు 1,060 రూపాయలిస్తాడు. 12 శాతం రావాలనేవాడు 747 మించి ఇవ్వడు. తోట ఒకటే, కాయలు అవే, ధరలో తేడా మూడు వందల పైచిలుకు. ప్రభుత్వానికి అప్పు చౌకగా పుడుతుంది, ప్రైవేటు పెట్టుబడికి ఎక్కువ రాబడి కావాలి. కాబట్టి ప్రభుత్వం తన రాబడిని గుత్తకిచ్చిన ప్రతిసారీ ఈ తేడాలో కొంత వదులుకుంటుంది. ఆ వదులుకున్న దానికి బదులుగా ఏం పొందిందన్నదే అసలు ప్రశ్న. బళ్లు తగ్గితే వచ్చే నష్టాన్ని నిజంగా గుత్తదారు భరిస్తాడా? భరిస్తే ఆ మూడు వందలకి అర్థం ఉంది. ఆ నష్టం కూడా తిరిగి మన నెత్తినే పడితే లేదు.

ఈ విషయంలో మన దగ్గర అనుభవం ఉంది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు మూడు వారాలకు పైగా దేశమంతా టోలు ఆపేశారు. 2020లో కరోనా లాక్‌డౌన్‌కి మార్చి చివర్నుంచి ఏప్రిల్ 20 దాకా మళ్లీ ఆపారు. అలాంటి నష్టానికి ఒప్పందాల్లో పరిహారమో, గడువు పొడిగింపో ఉంటుంది. కంపెనీలే కట్టి టోలు వసూలు చేసుకునే పాత తరహా ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంది. ఒక తేదీ నాటికి లెక్క కట్టినన్ని బళ్లు రాకపోతే, తగ్గిన ప్రతి ఒక శాతానికి గడువు ఒకటిన్నర శాతం పెంచుతారు, మొత్తం మీద 20 శాతం దాటకుండా. ఎక్కువ బళ్లు వస్తే శాతానికి ముప్పాతిక శాతం చొప్పున కోస్తారు, 10 శాతం దాటకుండా. పెంచడంలో ఉన్న ధారాళం కోయడంలో లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. తిత్లీకి ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు నేలకొరిగినప్పుడు నష్టం ఎవరిదన్నది ప్రతి పల్లెలో చర్చకొచ్చింది. రోడ్డు గుత్తలోనూ అదే ప్రశ్న ఉంది. అది కాగితం మీద రాసి ఉంటుంది, ఆ కాగితం మనం చదవం.

మన రోడ్డు మీద బళ్లు తగ్గే సూచనలు మాత్రం లేవు. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. కోరాపుట్, సాలూరుల మీదుగా దిగే 26వ నంబరు రోడ్డు నాతవలస దగ్గరే దీన్లో కలుస్తుంది. భోగాపురంలో జీఎంఆర్ చేపట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం ఈ రోడ్డుని ఆనుకునే ఉంది. సంతబొమ్మాళి తీరాన మూలపేట పోర్టు సరుకు దక్షిణాదికి రావాలంటే ఇదే దారి. ఇందులో విమానాశ్రయానికీ పోర్టుకీ భూములిచ్చింది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెలు. వాటివల్ల పెరిగే రద్దీకి వచ్చే టోలులో మాత్రం ఆ పల్లెలకి పైసా వాటా లేదు. పాత పద్ధతిలోనూ లేదు లెండి, టోలు అప్పుడూ కేంద్ర ఖజానాకే చేరేది. కానీ గుత్త ధర కట్టేటప్పుడు ఈ విమానాశ్రయాన్నీ ఈ పోర్టునీ లెక్కలోకి తీసుకున్నారా, ఎంత రద్దీ వస్తుందనుకున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్నే. అటువైపు రాయ్‌పూర్ నుంచి సబ్బవరం దాకా వేస్తున్న కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు తెరిచాక, సాలూరు మీదుగా వచ్చే లారీల్లో కొన్ని నాతవలస మొహం చూడకుండానే విశాఖ పోర్టుకి పోతాయి. పూత చూసి ధర కట్టడం అంటే ఇవన్నీ చూడడమే.

ధర దగ్గరే హైదరాబాదులో గొడవ అయింది. ఔటర్ రింగు రోడ్డు, 158 కిలోమీటర్లు, 2023లో 30 ఏళ్లకి 7,380 కోట్లకు ఐఆర్‌బీ సంస్థకి ఇచ్చారు. అది జాతీయ రహదారి కాదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న రోడ్డు. చాలా తక్కువకి ఇచ్చారని ప్రతిపక్షాలన్నాయి, ప్రభుత్వం మారాక విచారణ దాకా వెళ్లింది. ఎవరిది ఒప్పో తేల్చే పని నాది కాదు. ప్రభుత్వం తన అంచనా ధరని ముందే నలుగురి ముందు పెట్టి ఉంటే ఆ గొడవలో సగం పుట్టేది కాదని మాత్రం నా నమ్మకం.

సరే, కట్టేవాడి సంగతికి వద్దాం. "ప్రైవేటు వాళ్లొస్తే టోలు ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు" అన్న మాట నిజం కాదు. రేటు నిర్ణయించేది 2008 నాటి జాతీయ రహదారుల రుసుం నియమాలు. వసూలు చేసేది ప్రభుత్వమైనా కంపెనీ అయినా ట్రస్టయినా లెక్క ఒకటే. 2007–08లో కారుకి కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకీ లారీకీ 2 రూపాయల 20 పైసలు మూలరేటు. దాని మీద ఏటా 3 శాతం కలుస్తుంది. ఇది చక్రవడ్డీ కాదు, బారువడ్డీ. ఆపైన టోకు ధరలు ఎంత పెరిగాయో అందులో 40 శాతం. ఇదంతా కలిపి ప్రతి ఏప్రిల్ 1న కొత్త రేటు వస్తుంది. అంటే పెరుగుదల గుత్తదారు దయ మీద లేదు, చట్టంలోనే ఉంది. టోకు ధరలు పెరగని ఏడు కూడా ఆ 3 శాతం తప్పదు. పెట్టుబడిదారుకి నచ్చేది సరిగ్గా ఈ హామీయే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకో మార్పు. రోడ్డుకి పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేశాక, గడువు తీరాక, టోలు 40 శాతానికి తగ్గాలని ఆ నియమాల్లో మొదట ఉండేది. వంద కట్టేవాడు నలభై కడితే చాలు. 2023లో ఆ తగ్గింపుని తీసేశారు. ఇప్పుడు గడువు తీరినా టోలు పూర్తిగానే, ఏటా పెరుగుతూనే ఉంటుంది. గుత్తకిచ్చే ఆలోచన లేకపోతే ఈ మార్పు వచ్చేదా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. జనం మీద దీర్ఘకాలం పడే భారం గుత్తకన్నా ఈ ఒక్క సవరణలోనే ఎక్కువని నేననుకుంటాను. దీని మీద మన జిల్లాల్లో ఒక్క సభ జరిగిందని నేను వినలేదు.

ఆ నియమాల్లోనే కట్టేవాడికి అక్కరకొచ్చేవీ ఉన్నాయి. టోల్‌గేటుకి 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్నవాళ్లు సొంత కారుకి నెలవారీ పాసు తీసుకోవచ్చు, 2025–26లో అది 350 రూపాయలు. మడపాం గేటు దాటి రోజూ శ్రీకాకుళం వచ్చే నర్సన్నపేట టీచర్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. 24 గంటల్లో తిరిగొస్తే రెండు వైపులా కలిపి ఒకటిన్నర రెట్లే. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి, అప్పటి ధర 3,000 రూపాయలకి, వార్షిక పాసు వచ్చింది, ఏడాదిలో 200 సార్లు గేటు దాటవచ్చు. మోటారు సైకిలుకి, ఆటోకి టోలు లేదు. కానీ ఆటోలో తిరిగేవాడు టోలు కట్టడం లేదనుకుంటే పొరపాటు. పలాస నుంచి దిగే జీడిపప్పు లారీ కట్టింది పప్పు ధరలో ఉంటుంది, ఆర్టీసీ బస్సు కట్టింది టికెట్టులో ఉంటుంది.

కట్టిన డబ్బుకి రోడ్డు ఎలా ఉండాలి? కేరళలో త్రిస్సూర్ జిల్లా పాలియెక్కర గేటు దగ్గర ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. పనులతో రోడ్డు నడవలేని స్థితిలో ఉండగా టోలు ఎలా వసూలు చేస్తారని 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు వసూళ్లు ఆపించింది. ఎన్‌హెచ్ఏఐ సుప్రీంకోర్టుకి వెళ్లినా అక్కడ ఊరట దొరకలేదు. అక్టోబరు దాకా ఆ గేటు దగ్గర ఎవరూ టోలు కట్టలేదు. మన వైపు రోడ్డు గురించి ఫిర్యాదుంటే 1033కి ఫోను చేయాలి, ప్రమాదం జరిగినా అదే నంబరు. అయితే ఫిర్యాదు ఎవరి నెత్తిన పడుతుందన్నది చిక్కుముడే. రణస్థలం–ఆనందపురం ముక్కని ఆరు వరసలు చేసింది అశోకా బిల్డ్‌కాన్, ఆనందపురం–అనకాపల్లి కట్టింది దిలీప్ బిల్డ్‌కాన్. ఈ రెండూ హైబ్రిడ్ పద్ధతిలో కట్టినవి. ఖర్చులో 40 శాతం ప్రభుత్వం కడుతుండగానే ఇస్తుంది, మిగతా 60 శాతం కాంట్రాక్టరు పెట్టుకుంటే 15 ఏళ్ల పాటు వాయిదాల్లో తీరుస్తుంది. టోలుతో కాంట్రాక్టరుకి సంబంధం లేదు. కట్టింది ఒకరు, టోలు తీసుకునేది ఇంకొకరు, భూమి మరొకరిది. గుంతలో బండి పడినవాడికి ఈ ముగ్గురి తేడా చెప్పే బోర్డు ప్రతి గేటు దగ్గరా తెలుగులో ఉండాలి. అందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

బయటి దేశాల్లో రోడ్డు సంస్థనే అమ్మేసినవాళ్లున్నారు, మనలాగే గుత్తకిచ్చినవాళ్లూ ఉన్నారు. ఇటలీ 1999లో తన ఆటోస్ట్రాడే సంస్థని ప్రైవేటుకి అమ్మింది. 2018 ఆగస్టు 14న జెనోవాలో ఆ సంస్థ చూసుకునే మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. వంతెనలు ఎలా ఉన్నాయో పరీక్షించే సంస్థ కూడా అదే గ్రూపుదని తర్వాత బయటపడింది. 2022లో అక్కడి ప్రభుత్వ ఆర్థిక సంస్థ ముందుండి ఆ కంపెనీని తిరిగి కొంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం 2006లో తన టోలు రోడ్డుని 75 ఏళ్లకి 380 కోట్ల డాలర్లకిచ్చింది. అనుకున్నన్ని బళ్లు రాక గుత్తదారు 2014లో దివాలాకి దరఖాస్తు చేసుకున్నాడు. రొక్కం అప్పటికే రాష్ట్రం చేతిలో పడి ఉంది, రోడ్డు ఒక్క రోజు ఆగలేదు, మరో సంస్థ వచ్చి కొనుక్కుంది. ఒకచోట జనం ప్రాణాలతో మూల్యం చెల్లించారు, ఇంకోచోట నష్టం నిజంగానే గుత్తదారు భరించాడు. రెండు చోట్లా తేడా తెచ్చింది ఒప్పందం, దాన్ని అమలు చేయించే మనిషి. మన ఒప్పందాల్లో రోడ్డుని పరీక్షించడానికి స్వతంత్ర ఇంజనీరుని పెట్టే ఏర్పాటుంది. ఆ ఇంజనీరు ఇచ్చే నివేదికలు ఏ కలెక్టరాఫీసులోనూ జనానికి అందుబాటులో ఉండగా నేను చూడలేదు. వంశధార మీద, నాగావళి మీద, చంపావతి మీద ఉన్న వంతెనల నివేదికలైనా అందుబాటులో పెట్టాలి.

కొన్నేళ్లకిచ్చిన మామిడి గుత్తలో రైతుకి తెలిసిన భయం ఒకటుంది. ఆఖరేడు గుత్తదారు చెట్టుకి నీళ్లు పెట్టడు, ఎరువు వేయడు, కొమ్మలు విరిగేలా కాయ దులిపేసి పోతాడు. అందుకే తెలివైన రైతు ఆఖరేడు తోటలోనే మంచం వేసుకుంటాడు. రోడ్డు గుత్తలో ఆఖరేడు రావడానికి ఇంకా రెండు దశాబ్దాలుంది. అప్పగించేటప్పుడు తారు ఎంత మందం ఉండాలి, వంతెనకి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు మిగలాలి, లేకపోతే ఎవరి సొమ్ము పట్టి ఉంచుకోవాలి అన్నది ఇప్పటి కాగితంలోనే ఉంటుంది. ఆ కుర్రాడికి ఇదంతా చెప్పడం పూర్తయ్యేసరికి మేం ఆనందపురం జంక్షన్ దాటాం. అతను కాసేపాగి, "ఆ కాగితం మనకి సూపిస్తారేటండీ?" అన్నాడు. సమాచార హక్కు కింద అడగొచ్చని చెప్పాను.